ఎఫ్‌టీఐఆరా, రామనా? శాంపిల్ పంపే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఎంఎస్సీ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "సార్, ఎఫ్‌టీఐఆర్ తీయించమంటారా, రామన్ తీయించమంటారా?" ఎఫ్‌టీఐఆర్ అంటే పదార్థం ఏ పరారుణ (ఐఆర్) కాంతిని పీల్చుకుంటుందో కొలవడం, రామన్ అంటే దాని మీద పడిన లేజర్ కాంతి ఎలా చెదురుతుందో కొలవడం. రెండింట్లోనూ వచ్చే గ్రాఫే స్పెక్ట్రమ్, అందులో లేచే శిఖరాలే పీకులు, బ్యాండ్లు. చాలామంది చివరికి రెండూ తీయిస్తారు. రెండు గ్రాఫులూ పక్కపక్కన అతికించి, కింద పీకుల పట్టిక వేసి, ఫలానా పీకు ఫలానా బంధానిది అని రాసేస్తారు. మరి ఈ పదార్థం నిర్మాణం గురించి కొత్తగా ఏం తెలిసింది అని వైవాలో అడిగితే జవాబు రాదు. పిల్లల తెలివికేం లోటు లేదు, ప్రశ్న లేకుండా శాంపిల్ పంపడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

కాబట్టి శాంపిల్‌తో పాటు ల్యాబ్‌కు పంపే ఫారం నింపేముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకోండి. నా పదార్థంలో నాకు తెలియనిది ఏమిటి? అది ఏ బంధం కంపనంలో బయటపడుతుంది? ఈ రెండూ రాయగలిగితే ఏ పరికరం కావాలో దాదాపు తేలిపోతుంది. మన రెండు జిల్లాల్లో దొరికే పదార్థాలనే తీసుకుని, ఎక్కడ ఏది పనికొస్తుందో, ఎక్కడ రెండూ పనికిరావో చెబుతాను.

రెండూ చూసేది కంపనాలనే, చూసే తీరు వేరు

బంధం ఎంత గట్టిదైతే కంపనం అంత ఎక్కువ తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) దగ్గర కనిపిస్తుంది. చివర్లలో ఉన్న పరమాణువులు బరువైనవైతే కిందికి దిగుతుంది. అందుకే కార్బన్-హైడ్రోజన్ బంధం 2850-3000 సెం.మీ⁻¹ మధ్య, కార్బొనిల్ 1650-1750 మధ్య, సల్ఫర్-సల్ఫర్ బంధం 500-550 మధ్య ఉంటాయి. ఇకపై యూనిట్ లేకుండా రాసిన తరంగ సంఖ్యలన్నీ సెం.మీ⁻¹ లోనే అనుకోండి.

పరారుణ కాంతిని అణువు పీల్చుకోవాలంటే ఆ కంపనంలో దాని ద్విధ్రువ భ్రామకం, అంటే ధన, రుణ ఆవేశాలు విడిపోయి ఉన్న తీరు, మారాలి. కార్బొనిల్, హైడ్రాక్సిల్, ఎన్-హెచ్ లాంటి ధ్రువ బంధాలు ఎఫ్‌టీఐఆర్‌లో అంత బలంగా కనిపించేది అందుకే. రామన్‌లో జరిగేది పీల్చుకోవడం కాదు, చెదరడం. లేజర్ కాంతి అణువుకు తగిలి చెదిరినప్పుడు, సుమారు కోటి ఫోటాన్లలో ఒక్కటి మాత్రం తన శక్తిలో కొంత కంపనానికి ఇచ్చేసి రంగు మార్చుకుని బయటికి వస్తుంది. అలా జరగాలంటే కంపనంలో ధ్రువణశీలత మారాలి, అంటే ఎలక్ట్రాన్ మబ్బు సాగే తీరు మారాలి. కార్బన్-కార్బన్ ద్విబంధాలు, బెంజీన్ వలయాలు, సల్ఫర్-సల్ఫర్ బంధాలు ఇక్కడ గట్టిగా పలుకుతాయి.

సౌష్ఠవ కేంద్రం ఉన్న, అంటే మధ్య బిందువుకు అటూ ఇటూ ఒకేలా ఉండే అణువుల్లో ఈ తేడా పూర్తి స్థాయికి చేరుతుంది. అలాంటి అణువుల్లో ఐఆర్‌లో కనిపించే కంపనం రామన్‌లో కనిపించదు, రామన్‌లో కనిపించేది ఐఆర్‌లో కనిపించదు. బెంజీన్ వలయమంతా ఒక్కసారిగా ఉబ్బి తగ్గే కంపనం రామన్‌లో 992 దగ్గర నిటారుగా లేస్తుంది, ఐఆర్‌లో దాని జాడే ఉండదు. 673 దగ్గర ఐఆర్‌లో వచ్చే బలమైన బ్యాండు రామన్‌లో ఉండదు. 1,2-డైక్లోరోఎథిలీన్‌లో ట్రాన్స్ రూపమా (క్లోరిన్లు చెరో వైపు) సిస్ రూపమా (రెండూ ఒకే వైపు) అన్నది ఈ లెక్కతోనే తేలుతుంది: ట్రాన్స్ రూపంలో కార్బన్-కార్బన్ ద్విబంధం సాగే కంపనం రామన్‌లో మాత్రమే వస్తుంది, సిస్ రూపంలో రెండింటిలోనూ వస్తుంది. మీ ప్రశ్న సౌష్ఠవం గురించి అయితే రెండు స్పెక్ట్రమ్‌లూ తీయించడం వృథా ఖర్చు కాదు. ఒకటి లేకుండా రెండోదానికి అర్థం ఉండదు.

ఈ లెక్కల్లో తెలుగువాళ్ల చేయి పెద్దదని మన పిల్లలకు తెలియాలి. సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించిన ఈ కాంతి చెదరడం ఫలితం మీద ఆయన శిష్యుడిగా పనిచేసిన సూరి భగవంతం కృష్ణా జిల్లావారు. తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండగా టి. వెంకటరాయుడుతో కలిసి, ఏ కంపనం ఎక్కడ కనిపిస్తుందో గ్రూప్ థియరీతో (సౌష్ఠవాన్ని లెక్కించే గణితంతో) ముందే చెప్పే పద్ధతిని స్ఫటికాలకు అన్వయించారు. ఈ రోజు మీరు క్యారెక్టర్ టేబుల్ (ఆ గణితం వాడే పట్టిక) తెరిచి లెక్కపెట్టే పని వాల్తేరులో అప్పుడే జరిగింది.

రొయ్య పొట్టుతో మొదలుపెడదాం

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో మిగిలే తలలూ పొట్టూ ఉండగా మన విద్యార్థులకు ప్రాజెక్టు పదార్థం కోసం వెతుక్కునే పని లేదు. పొట్టులో ప్రధానంగా మూడు ఉంటాయి: కైటిన్ (చక్కెర గొలుసుల పాలిమర్), ప్రొటీన్, కాల్షియం కార్బొనేట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్ పోగొట్టి, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో ప్రొటీన్ తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని 40-50 శాతం గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేస్తే అసిటైల్ గుంపులు ఊడి కైటోసాన్ అవుతుంది.

ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గరా ఎఫ్‌టీఐఆర్ మీకు సమాధానం చెబుతుంది. కార్బొనేట్ పూర్తిగా పోయిందా అంటే 1420, 875 బ్యాండ్లు చూడండి. పొట్టు స్పెక్ట్రమ్‌లో అవి బలంగా ఉంటాయి, ఆమ్లం సరిగ్గా పనిచేస్తే 875 మాయమవుతుంది. 1420 చుట్టుపక్కల కైటిన్‌కీ సొంత బ్యాండ్లు ఉన్నాయి కాబట్టి దాన్ని నమ్ముకోకుండా 875నే సాక్షిగా పెట్టుకోండి. కైటోసాన్‌గా మారిందా అంటే 1655 దగ్గరి అమైడ్ బ్యాండు తగ్గుతూ 1590 దగ్గర అమీన్ బ్యాండు పైకి లేస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మధ్యలో ఉంది. రొయ్య, పీత పొట్టుల్లోని ఆల్ఫా కైటిన్‌లో అమైడ్ కార్బొనిల్ బ్యాండు ఒక్కటిగా రాదు, 1660, 1625 అని రెండుగా చీలి వస్తుంది. స్క్విడ్ లోపలి పెన్ను నుంచి తీసిన బీటా కైటిన్‌లో ఒకటే వస్తుంది. ఆల్ఫాలో గొలుసులు ఒకదానికొకటి ఎదురు దిశల్లో పేరుకుని ఉంటాయి. అక్కడ కొన్ని కార్బొనిళ్లు పక్క గొలుసు ఎన్-హెచ్‌తో మాత్రమే హైడ్రోజన్ బంధం కట్టుకుంటే, మిగతావి దానికి తోడు ఒక హైడ్రాక్సిల్‌తో కూడా కట్టుకుంటాయి. రెండు బంధాలు పట్టుకున్న కార్బొనిల్ కాస్త బలహీనపడి 1625కి దిగుతుంది. ఒక్క బ్యాండు రెండుగా చీలిందన్న చిన్న విషయం నుంచి గొలుసులు ఎలా పేర్చి ఉన్నాయన్న దాకా వెళ్లాం. కంపన స్పెక్ట్రోస్కోపీతో నిర్మాణం చదవడమంటే నేను చెప్పేది ఈ చదువునే.

అదే పొట్టును 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో రామన్ తీస్తే ఏమవుతుంది? కైటిన్ దాదాపు కనపడదు. 1515 చుట్టూ ఒకటి, 1155 చుట్టూ ఒకటి, రెండు పెద్ద పీకులు మిగతా వాటన్నిటినీ అణిచేస్తాయి. అవి ఆస్టాజాంతిన్‌వి, వండిన రొయ్యకు ఎర్ర రంగు తెచ్చే వర్ణకానివి. ఆకుపచ్చ కాంతిని ఆ వర్ణకం బాగా పీల్చుకుంటుంది కాబట్టి అనునాదం (రెజొనెన్స్) వల్ల దాని సంకేతం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పచ్చి రొయ్యలో అదే అణువు ప్రొటీన్‌కు అంటుకుని నీలి, బూడిద ఛాయలో ఉంటుంది, వేడి తగిలి ప్రొటీన్ వదిలేయగానే ఎర్రబడుతుంది. ఆ మార్పును ద్విబంధాల గొలుసు కంపనంలో చూడాలనుకునేవాళ్లకు రామన్‌ను మించిన సాధనం లేదు. కైటిన్ చూడాలనుకునేవాళ్లకు మాత్రం 532 లేజర్ దండగ.

కాబట్టి రొయ్య పొట్టు విషయంలో నా సలహా ఇది: పాలిమర్ మీద పని అయితే ఎఫ్‌టీఐఆర్, వర్ణకం మీద పని అయితే 532 రామన్. పొట్టులోని కాల్షియం కార్బొనేట్ ఏ రూపంలో ఉందన్నది ప్రశ్న అయితే రెండూ పనికొస్తాయి. రామన్‌లో కాల్సైట్ 1086తో పాటు 712, 281 చూపిస్తుంది, ఆరగోనైట్ 705, 206 చూపిస్తుంది. ఐఆర్‌లో కాల్సైట్ 875 దగ్గర ఉంటే ఆరగోనైట్ 857 చుట్టూ ఉంటుంది. కృష్ణపట్నం తీరాన ఏరుకున్న గవ్వలూ ఆల్చిప్పలతో ఇదే ప్రాజెక్టు చేయొచ్చు, రసాయనాల ఖర్చు కూడా ఉండదు.

అసిటైలేషన్ శాతం, అంటే ఊడకుండా మిగిలిన అసిటైల్ గుంపుల శాతం, లెక్కించేవాళ్లకు ఒక హెచ్చరిక. 1655 బ్యాండును 3450 బ్యాండుతో భాగించే పాత సూత్రం చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. కైటోసాన్ గాలిలోని తేమను బాగా పట్టుకుంటుంది, నీరు కూడా 3400 దగ్గరే పీల్చుకుంటుంది, మన తీరంలో గాలి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. శాంపిల్ బాగా ఆరకపోతే ఆ నిష్పత్తికి విలువ లేదు. 1320, 1420 బ్యాండ్ల నిష్పత్తి వాడండి. ఆ నిష్పత్తి 0.3822 + 0.03133 × అసిటైలేషన్ శాతానికి సమానం అన్న సంబంధంలో నీటి బెడద తక్కువ. దీనికీ ఒక షరతు ఉంది: అది కాంతి శాంపిల్ గుండా దాటి వెళ్లిన స్పెక్ట్రమ్‌ల మీద కట్టిన సూత్రం. ఏటీఆర్‌లో (శాంపిల్‌ను ఒక స్ఫటికం మీద నొక్కి తీసే పద్ధతిలో, కింద వివరిస్తాను) తీసిన ముడి స్పెక్ట్రమ్‌లో కింది తరంగ సంఖ్యల దగ్గరి బ్యాండ్లు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తాయి కాబట్టి అంకెలు నేరుగా వేయకూడదు. గైడుకు కచ్చితమైన శాతమే కావాలంటే ఎన్‌ఎమ్‌ఆర్‌కు (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలను చదివే పద్ధతికి) వెళ్లండి.

ఐఆర్‌లోనే రెండు దారులు

ఎఫ్‌టీఐఆర్ అని ఫారంలో రాస్తే సరిపోదు, ఏటీఆర్‌లోనా కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పెల్లెట్‌లోనా అన్నది కూడా రాయాలి. ఏటీఆర్‌లో పొడిని చిన్న వజ్రం మీద పెట్టి నొక్కితే చాలు, నిమిషాల్లో పని అయిపోతుంది. కిరణం లోపలికి వెళ్లేది ఒకటి రెండు మైక్రాన్లే. అందువల్ల పూత పూసిన పదార్థంలో పూతే కనిపిస్తుంది, లోపల ఉన్నది కనపడదు. ఇది లోపం అనుకోకండి, పై పొర గురించే మీ ప్రశ్న అయితే ఇదే కావాలి. వజ్రం 1800-2300 మధ్య తానే పీల్చుకుంటుంది, అక్కడ నైట్రైల్ లాంటి చిన్న పీకు కోసం వెతికేవాళ్లు జెర్మేనియం స్ఫటికం ఉందేమో అడగండి.

కేబీఆర్ పెల్లెట్‌లో ఒకటి రెండు మిల్లీగ్రాముల శాంపిల్‌ను దానికి వంద రెట్లు పొటాషియం బ్రోమైడ్‌తో నూరి, టన్నుల ఒత్తిడితో బిళ్లగా నొక్కుతారు. స్పెక్ట్రమ్ 400 దాకా శుభ్రంగా వస్తుంది, పాత రెఫరెన్స్ స్పెక్ట్రమ్‌లు ఎక్కువగా ఈ పద్ధతిలోవే కాబట్టి పోల్చడం తేలిక. మన ప్రాంతంలో దీనికి పెద్ద శత్రువు ఉక్కపోత. పొటాషియం బ్రోమైడ్ తేమను లాగేసుకుంటుంది, 3400 దగ్గర వెడల్పాటి గుట్ట, 1630 దగ్గర చిన్న బ్యాండు వచ్చేస్తాయి. నెల్లూరులో నవంబరు వానల్లో నూరిన బిళ్లలో కనిపించే హైడ్రాక్సిల్ బ్యాండు మీ అణువుదో ఆకాశానిదో తెలియదు. పొడిని ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో ఉంచి, ఖాళీ బిళ్ల స్పెక్ట్రమ్ కూడా తీసి పక్కన పెట్టుకోండి.

మందుల మీద పనిచేసేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. హైడ్రోక్లోరైడ్ లవణాన్ని పొటాషియం బ్రోమైడ్‌తో నూరితే క్లోరైడ్ స్థానంలోకి బ్రోమైడ్ చేరే అవకాశం ఉంది. అప్పుడు మీరు కొలిచేది మీ మందును కాదు. పొటాషియం క్లోరైడ్ వాడండి, లేదంటే ఏటీఆర్‌కు వెళ్లండి. నూరడం, నొక్కడం వల్ల స్ఫటిక రూపమే మారిపోయే పదార్థాలూ ఉన్నాయి.

నేనైతే కొత్త ఆర్గానిక్ పదార్థానికి మొదటి స్పెక్ట్రమ్ ఏటీఆర్‌లోనే తీయిస్తాను. ఖర్చు తక్కువ, శాంపిల్ తిరిగి చేతికొస్తుంది, నూరడం వల్ల వచ్చే అనుమానాలు ఉండవు.

స్ఫటిక రూపం ప్రశ్న అయితే

ఒకే అణువు రెండు రకాలుగా పేర్చుకుని రెండు స్ఫటికాలుగా రావడం మందుల పరిశ్రమకు ప్రాణసంకటం. 1998లో ఎయిడ్స్ మందు రిటోనవిర్‌లో ముందెన్నడూ చూడని స్ఫటిక రూపం ఒకటి తయారై, అది సరిగ్గా కరగక, క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అణువు మారలేదు, పేర్చిన తీరు మారింది.

ఇక్కడ నా ఓటు రామన్‌కే, అందులోనూ 200 కింది భాగానికి. ఆ ప్రాంతంలో వచ్చేవి స్ఫటిక జాలకంలో అణువులన్నీ కలిసి ఊగే కంపనాలు. పేర్పు మారితే ముందు మారేవి అవే. సాధారణ ఎఫ్‌టీఐఆర్ 400 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి వాటిని చూడనే చూడదు. ప్రతి రామన్ పరికరమూ అంత కిందికి వెళ్లదు. లేజర్ కాంతిని ఆపే ఫిల్టర్ ఎక్కడిదాకా కోసేస్తుందో ల్యాబ్‌ను అడిగి తెలుసుకోండి. 100 దగ్గరే ఆగిపోయే పరికరంతో ఈ పని సగమే అవుతుంది. ఇంకో లాభం, మాత్రను పొడి చేయకుండానే, గాజు సీసాలో ఉండగానే కొలవొచ్చు.

లవణమా, కో-క్రిస్టలా (రెండు రకాల అణువులు ప్రోటాన్ మార్చుకోకుండా కలిసిన స్ఫటికమా) అన్న ప్రశ్నకు మాత్రం ఐఆర్ మేలు. ఆమ్లం తన ప్రోటాన్‌ను ఇచ్చేస్తే 1700 దగ్గరి కార్బొనిల్ పోయి, 1550-1610 మధ్య, 1400 దగ్గర కార్బాక్సిలేట్ జంట వస్తుంది. ప్రోటాన్ కదలకపోతే 1700 చుట్టూ ఉన్నది అక్కడే, కాస్త అటూ ఇటూగా, నిలుస్తుంది. ఇది తేల్చాక కూడా ఎక్స్-రే డిఫ్రాక్షన్ అవసరం తీరదు. స్ఫటికంలో పరమాణువుల స్థానాలు చెప్పేది అదే. అది కష్టంగా చూసే హైడ్రోజన్ గురించి తేలిగ్గా మాట్లాడేది కంపన స్పెక్ట్రమ్.

ఏ లేజర్?

రామన్ ఎంచుకున్నవాళ్లకు అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. చెదిరే కాంతి బలం లేజర్ తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 532 నుంచి 1064 నానోమీటర్లకు వెళితే సంకేతం 16 రెట్లు పడిపోతుంది. 785కి వెళితే ఐదు రెట్లకు కాస్త తక్కువగా పడిపోతుంది. మరి 532నే ఎప్పుడూ వాడొచ్చు కదా అంటే, ఫ్లోరసెన్స్ అడ్డొస్తుంది. మొక్కల నుంచి తీసినవి, రంగు ఉన్నవి, సరిగ్గా శుద్ధి కానివి ఆకుపచ్చ కాంతికి వెలిగిపోతాయి, ఆ వెలుగులో పీకులు మునిగిపోతాయి. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు ఆకు మీద 532 పెట్టి చూడాలనుకునేవాళ్లు ముందే ఆశ వదులుకోవడం మంచిది.

785 మధ్యే మార్గం. ఎక్కువ ఆర్గానిక్ పొడులకు ఇది సరిపోతుంది. కాకపోతే 785 లేజర్‌తో 3000 దగ్గరి కంపనం 1027 నానోమీటర్ల కాంతిగా వస్తుంది, సిలికాన్ డిటెక్టర్‌కు అక్కడ చూపు మందగిస్తుంది. సీ-హెచ్, ఓ-హెచ్ ప్రాంతం మీ ప్రశ్నలో ముఖ్యమైతే 785 మీద ఆధారపడకండి. 1064తో పనిచేసే ఎఫ్‌టీ-రామన్‌లో ఫ్లోరసెన్స్ బెడద బాగా తగ్గుతుంది, సమయం ఎక్కువ పడుతుంది. నెల్లూరు నుంచి రైలెక్కితే చేరే మద్రాసు ఐఐటీలోని సైఫ్ (బయటివాళ్ల శాంపిళ్లు కూడా కొలిచే పరికరాల) కేంద్రంలో ఎఫ్‌టీఐఆర్‌తో పాటు ఎఫ్‌టీ-రామన్ కూడా ఉంది. దక్షిణాది విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన కంపన విశ్లేషణ పత్రాలు ఎన్నో ఆ పరికరం మీద తీసిన స్పెక్ట్రమ్‌లతో రాసినవే. మరే ఊళ్లో ఏ పరికరం ఉందో ఐ-స్టెమ్ అనే పరిశోధన పరికరాల పోర్టల్‌లో వెతకొచ్చు.

ఇంకొకటి, ముదురు రంగు శాంపిళ్లు లేజర్ కింద మాడిపోతాయి. మాడాక 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి గుట్టలు వస్తాయి. అవి కాలిన కార్బన్‌వి. వాటిని తన పదార్థం పీకులనుకుని పట్టికలో చేర్చిన రిపోర్టులు తక్కువేమీ లేవు. పవర్ ఒకటి నుంచి పది శాతం మధ్య మొదలుపెట్టి, ఒకే చోట రెండుసార్లు తీయమనండి. రెండోసారి గుట్టలు పెరిగితే శాంపిల్ కాలుతున్నట్టే.

రాళ్లూ, నూనెలూ, బియ్యం

నెల్లూరు అభ్రకం ప్రపంచమంతా తెలిసిన మస్కోవైట్. దానిలో నిర్మాణంలో భాగమైన హైడ్రాక్సిల్ 3630 చుట్టూ సన్నగా, పదునుగా వస్తుంది. పొరల మధ్య, పైన పట్టిన నీరు 3400 చుట్టూ వెడల్పుగా పరుచుకుంటుంది. ఏది ఎంత ఉందో వేడి చేస్తూ ఎఫ్‌టీఐఆర్‌లో చూడటం ఎంఎస్సీ స్థాయికి చక్కటి ప్రాజెక్టు. పలుచని రేకు ఏటీఆర్ వజ్రం మీద చక్కగా అతుక్కుంటుంది కూడా.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఆర్థోపైరాక్సీన్ ఖనిజం. దీన్ని పొడి చేసి ఐఆర్‌కు ఇస్తే రాయిలోని ఖనిజాలన్నీ కలగలిసి వెయ్యి చుట్టూ ఒకే గుట్ట వస్తుంది. రామన్ మైక్రోస్కోపు కింద చుక్క మీదే లేజర్ పెడితే 660, 680 జంటగా, 1010 దగ్గర మరొకటి వస్తాయి. అదే కుటుంబంలోని క్లైనోపైరాక్సీన్ అయితే 665 దగ్గర ఒకటే వస్తుంది. రాతి పలకల మీద పనిచేసేవాళ్లు రామన్‌కే వెళ్లండి.

ఉప్పులో, సముద్రపు ఇసుకలో ప్లాస్టిక్ రేణువుల కోసం వెతికేవాళ్లకు రేణువు సైజే తీర్పు చెబుతుంది. ఐఆర్ మైక్రోస్కోపు సుమారు 10-20 మైక్రాన్ల దాకా చూస్తుంది, అంతకన్నా చిన్నవాటికి, ఒక మైక్రాన్ దాకా, రామన్ కావాలి.

కృష్ణపట్నం రేవు చుట్టూ వంటనూనె రిఫైనరీలు ఉన్నాయి కాబట్టి నూనెల ప్రశ్నలు కూడా నా దగ్గరికి ఎక్కువే వస్తాయి. ట్రాన్స్ కొవ్వు కోసం ఐఆర్‌లో 966 బ్యాండు చూస్తారు. రామన్‌లో సిస్ ద్విబంధం 1655, ట్రాన్స్ 1670 దగ్గర వస్తాయి. నూనె ఎంత అసంతృప్తమో చెప్పడానికి 1655, 1440 బ్యాండ్ల నిష్పత్తి బాగా పనిచేస్తుంది. ఎర్ర పామాయిల్‌లో మాత్రం 532 లేజర్ కెరోటిన్‌లనే పట్టుకుని 1525, 1157 చూపిస్తుంది, నూనెను చూడనివ్వదు. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. అంత తక్కువ పరిమాణం మీద సర్టిఫికెట్ ఇవ్వాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీయే దారి, స్పెక్ట్రోస్కోపీ ముందు వడపోతకు మాత్రమే.

బియ్యంలో తేమ, ప్రొటీన్, అమైలోజ్ వేగంగా కొలవాలన్నా, పొగాకులో నికోటిన్, చక్కెరలు అంచనా వేయాలన్నా నియర్ ఇన్‌ఫ్రారెడ్ అడగండి. అది అణువు నిర్మాణం చెప్పదు. వందల శాంపిళ్లతో ముందే నేర్పించిన లెక్క మీద పరిమాణం చెబుతుంది.

రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం రామన్ పెట్టొచ్చా అని రైతులు, ఎగుమతి వాళ్లు అడుగుతున్నారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల లాంటివి వెతకాల్సింది బిలియన్‌లో ఒక భాగం స్థాయిలో. మామూలు ఐఆర్ గానీ మామూలు రామన్ గానీ అక్కడికి చేరవు. వెండి నానో రేణువుల మీద సంకేతాన్ని పెంచే పద్ధతి పరిశోధనలకు బాగుంటుంది, కానీ కన్‌సైన్‌మెంట్ భవిష్యత్తు దాని మీద పెట్టకండి. ఎల్‌సీ-ఎమ్‌ఎస్ (అణువులను విడదీసి ద్రవ్యరాశి కొలిచే) పరీక్షే చేయించండి.

ద్రావణాల గురించి ఒక్క మాట. నీరు 1640, 3300 దగ్గర ఐఆర్‌ను గట్టిగా పీల్చేస్తుంది, ప్రొటీన్ అమైడ్ బ్యాండు సరిగ్గా దాని కిందే పడుతుంది. నీటిలో ఉన్నది నీటిలోనే చూడాలంటే రామన్ తేలిక. ఐఆరే కావాలంటే ద్రావకాన్ని భారజలానికి (హైడ్రోజన్ బదులు బరువైన డ్యుటీరియం ఉన్న నీటికి) మార్చండి. ఆ మార్పిడి మరో మేలు చేస్తుంది: ద్రావణంలో హైడ్రోజన్ స్థానంలోకి డ్యుటీరియం చేరగల ఎన్-హెచ్ బ్యాండు 3300 నుంచి 2450 చుట్టూకు దిగిపోతుంది. ఒక బ్యాండు నిజంగా ఎన్-హెచ్ దేనా అన్న అనుమానం తీర్చడానికి దీనికన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

కంప్యూటర్ లెక్కలు సరిపోతాయా

ఇప్పుడు బీ3ఎల్‌వైపీ అనే పద్ధతితో డీఎఫ్‌టీ లెక్క (ఎలక్ట్రాన్ సాంద్రత ఆధారంగా కంపనాలను కంప్యూటర్‌లో లెక్కించడం) వేసి, 0.96 చుట్టూ ఉండే స్కేలింగ్ ఫ్యాక్టర్‌తో గుణించి, ప్రయోగం పక్కన పెట్టడం మామూలైంది. చేయాల్సిన పనే. కానీ ఆ లెక్క శూన్యంలో ఒంటరిగా ఉన్న ఒక అణువుది. మీ చేతిలో ఉన్నది స్ఫటికం, అక్కడ పక్క అణువుతో హైడ్రోజన్ బంధం ఉంటుంది. లెక్కలో 3600 దగ్గర వచ్చిన ఓ-హెచ్ ప్రయోగంలో 3200 దగ్గర వెడల్పుగా వస్తే, స్కేలింగ్‌తో దాన్ని సర్దేయకండి. ఆ 400 తేడాయే మీ థీసిస్‌లో చెప్పాల్సిన విషయం. రెండు అణువులను కలిపి డైమర్‌గా లెక్క వేసి, తేడా తగ్గుతుందేమో చూడండి. తగ్గితే హైడ్రోజన్ బంధానికి సాక్ష్యం దొరికినట్టే.

ఫారంలో ఏం రాయాలి

శాంపిల్ పేరు, ద్రావకం, రంగు, తేమకు పాడవుతుందా, వేడికి మారుతుందా అన్నవి రాయండి. ఐఆర్ అయితే పద్ధతి, రెజల్యూషన్ (ఎంత దగ్గరి బ్యాండ్లను విడదీయాలన్నది) రాయండి. మామూలు పనికి 4 చాలు, స్ఫటిక రూపాలు పోల్చాలంటే 2 అడగండి. రామన్ అయితే లేజర్, పవర్, ఎంత కిందినుంచి కావాలన్నది రాసి, అదే రోజు తీసిన సిలికాన్ స్పెక్ట్రమ్ కూడా పంపమనండి. దాని పీకు 520.5 దగ్గర లేకపోతే మీ అంకెలన్నీ అంత మేర జరిగినట్టు. 2349 దగ్గర జంట బ్యాండు కనిపిస్తే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్, దాన్ని పట్టికలో చేర్చొద్దు. చివరగా, గ్రాఫు బొమ్మ ఒక్కటే తీసుకుని రాకండి. అంకెల ఫైలు అడిగి తెచ్చుకోండి, రేపు బేస్‌లైన్ సరిచేయాలన్నా, రెండు బ్యాండ్ల నిష్పత్తి వేయాలన్నా, చీలిన బ్యాండును విడదీయాలన్నా దానితోనే పని.